మా బండి గుడ్డి దీపాలకు

తాడేపల్లి,
మిరప సీజను, రాత్రి పదకొండు దాటాక.

మా పికప్ బండి ముందర చెరోపక్కన కూర్చున్న హెడ్‌లైట్లకు,

'మీరు' అంటున్నానని పొంగిపోకండి. ఇద్దరున్నారు గనక అంటున్నాను, గౌరవంతో కాదు.

ఇక్కడ మేము క్షేమం, అక్కడ మీరు క్షేమమని తలుస్తాను అని ఉత్తరం మొదలుపెట్టడం ఆనవాయితీ. మీ క్షేమానికేం లోటు లేదు. ఏడేళ్ళ కింద షోరూములోంచి బయటికొచ్చిననాడు ఎట్లా ఉన్నారో ఇవాళా అట్లానే ఉన్నారు. బల్బు మాడదు, డిప్ప పగలదు, స్విచ్చి వేస్తే వెలుగుతారు. కాకపోతే వెలిగారో లేదో తెలియాలంటే నేను బండి దిగి ముందుకొచ్చి చూడాలి. క్షేమం లేనిది నాకు.

కిందటి నెల తాడికొండ దగ్గర జరిగింది మీకు గుర్తుండదు. మీరు చూస్తే కదా గుర్తుండటానికి! తుళ్ళూరు అవతల ఏటి ఒడ్డు ఊళ్ళో ముప్పై టిక్కీల మిరపకాయలు ఎత్తాం. టిక్కీ బస్తా నలభై కిలోల పైమాటే, బండి వెనక బాగా కుంగింది. పెదపరిమి, తాడికొండ, లాం మీదుగా గుంటూరు మిర్చియార్డుకి చేరాలి. పొద్దున్నే బేరాలు మొదలవుతాయి గనక రాత్రే పోయి వరసలో బండి పెట్టుకోవాలి. ఆ దారి తిరిగినవాళ్ళకి చెప్పక్కర్లేదు. రెండుపక్కలా నల్లరేగడి, మధ్యన నల్ల తారు. ఆ తారు మీద నల్ల గేదె నిలబడితే అది మూతి తిప్పి చూసేదాకా అక్కడుందని తెలీదు.

ముందర ఒక ట్రాక్టరు పోతోంది. ట్రక్కుకి రెండువైపులా పొట్టలు పొంగినట్టు పత్తి. వెనక లైటు లేదు, ఎర్ర రేకు లేదు, ఒక గోనెపట్టా వేలాడుతోంది. నాకు ఆ పట్టా కనపడేసరికి మధ్యన ఇరవై మీటర్లు కూడా లేదు. బండి అరవైలో ఉంది. అరవై అంటే సెకనుకి 16 మీటర్ల పైన. అమ్మో అనడానికి పట్టే టైములో ఆ ఇరవై మీటర్లూ అయిపోతాయి. బ్రేకు మీద నిలబడి స్టీరింగు కుడికి కోశాను. టిక్కీలు ముందుకు జరిగి క్యాబిను రేకుని గుద్దాయి. ఎదురుగా ఎవరూ రాకపోవడం మా అమ్మ చేసుకున్న పుణ్యం. యార్డు గేటు దగ్గర దిగి చూస్తే ఎడమ వైపరు కింద ఇంత పత్తి పింజె ఇరుక్కుని ఉంది.

ఆ పింజెని ఇప్పటికీ డాష్‌బోర్డులో దాచాను. నిద్ర వచ్చినప్పుడు తీసి చూసుకుంటాను, కాఫీ కన్నా బాగా పనిచేస్తోంది.

ట్రాక్టరాయన తప్పు లేదా అంటే, ఉంది. ఆయనకి వేరే ఉత్తరం రాస్తాను. మా తాత ఎద్దుబండిలో గుంటూరుకి సరుకు తోలినప్పుడు ఇరుసుకి లాంతరు కట్టేవాడట. దారి చూపడానికి కాదు, దారి ఎద్దులకి తెలుసు. ఇక్కడ ఒక బండి ఉందిరా నాయనా అని వెనకాలొచ్చేవాడికి చెప్పడానికి. కిరసనాయిలు లాంతరు చేసిన ఆ పాటి పని ఇంత ఇంజను పెట్టుకున్న ట్రాక్టరు చెయ్యదు. సరే, వేరే ఉత్తరం అన్నానుగా.

ఆ రాత్రే మీ అంతు తేల్చాలనుకున్నాను. అనుకుని ఏమేం చేశానో కూడా దాచకుండా రాస్తున్నాను. ఎందుకంటే ఈ చుట్టుపక్కల పికప్ నడిపే ప్రతివాడూ ఇదే వరసలో ఇవే పనులు చేసి, ఇట్లానే డబ్బు తగలేసుకుంటున్నాడు.

మొదట మీకు పచ్చకామెర్లన్నాను. నిజంగానే పచ్చబడ్డారు. పాత లారీలకి గాజు డిప్పలుండేవి, అవి పగిలేవి తప్ప పసుపెక్కేవి కావు. మీది ప్లాస్టిక్కు, పాలీకార్బొనేటు. దాని మీద కాపలాగా ఒక పూత ఉంటుంది. ఎండకి ఆ పూత చచ్చి మొహం పాలిపోతుంది. టూత్‌పేస్టు పెట్టి రుద్దమని ఒకాయన చెప్పాడు. రుద్దాను. పళ్ళు తోముకున్న పిల్లాడి మొహంలా వారం రోజులు మెరిశారు, ఆపైన మామూలే. తర్వాత వాటర్ పేపరు తెచ్చాను, ముందు వెయ్యి నంబరు, తర్వాత రెండువేలు. సబ్బునీళ్ళు పోస్తూ రుద్దుతుంటే పసుపు కలిపిన పాలలాంటి నీళ్ళు కారాయి. ఆఖర్న కాంపౌండుతో పాలిష్. డిప్ప తేటపడింది, లోపలి బల్బు కనిపించింది. దారి మాత్రం కనిపించలేదు. పైగా పూత పోయింది కదా, మళ్ళీ పూయించకపోతే ఏడాది తిరక్కుండా పచ్చబడతారని తర్వాత తెలిసింది.

రెండోసారి పెద్ద బల్బు. మీకు కంపెనీ పెట్టింది 60/55 వాట్ల హెచ్4. ఫుల్ లైటుకి అరవై, డిమ్ముకి యాభై అయిదు. దాని బదులు కొట్టువాడు 100/90 ఇచ్చాడు. అది ఆడిన నాలుగు రాత్రులూ బాగానే ఉంది. అయిదో రాత్రి కుంచనపల్లి దగ్గర ఏదో కాలుతున్న వాసనొచ్చింది. ఎవరో చెత్త తగలబెట్టారనుకున్నాను. బానెట్ ఎత్తితే కుడివైపు హోల్డరు బెల్లంపాకంలా కరిగి బల్బు మూడు కాళ్ళకీ అంటుకుపోయింది. యాభై అయిదుకి వేసిన వైరు తొంభైని ఎట్లా మోస్తుంది? ఈ ముక్క కొట్టువాడికి తెలుసు. అడక్కపోవడం నా తప్పు.

మూడోసారి చేసింది చెప్పడానికే సిగ్గేస్తోంది. ఎల్‌ఈడీ పెట్టించాను. డబ్బా మీద సింహం బొమ్మ, లోపల ఫ్యాన్లున్న బల్బులు. మీ హెచ్4 చోటే సరిగ్గా దూరుతాయి. ఇంటి ముందు వెలిగిస్తే సందంతా పెళ్ళిపందిరైంది. మా ఆవిడ కూడా మెచ్చుకుంది. ఆవిడ మెచ్చుకుందంటేనే నాకు అనుమానం రావాల్సింది.

పెనుమాకలో కంద, అరటిగెలలు ఎక్కించుకుని కరకట్ట మీదుగా బెజవాడ మార్కెట్టుకు పోతున్నాను. తెల్లవారుజాము నాలుగు. కట్ట ఎంత ఇరుకో తెలిసిందే. రెండు బండ్లు ఎదురుపడితే ఒకడు మర్యాదస్తుడై ఉండాలి. ఎదురుగా మోపెడ్ మీద పాలాయన, రెండుపక్కలా క్యాన్లు. సగం దూరంలో ఉండగానే కాలు నేలకానించి ఆగిపోయాడు. తువ్వాలు తీసి కళ్ళకి అడ్డం పెట్టుకున్నాడు. నేనూ ఆపాను.

"ఏందయ్యా అది, బానెట్ కింద సూర్యుణ్ణి కట్టుకొచ్చావా?"

"డిమ్మే బాబాయ్," అన్నాను. ఒట్టు, డిమ్మే.

"డిమ్మా? దిగి ఇట్లా వచ్చి నిలబడు."

దిగిపోయి ఆయన పక్కన నిలబడ్డాను. ఏముంది చెప్పడానికి! నా బండి కనపళ్ళేదు, రోడ్డు కనపళ్ళేదు, నా కాళ్ళకున్న చెప్పులు కనపళ్ళేదు. పక్కనే మోపెడ్ ఉందని పాలక్యాను తగిలి తెలిసింది. కట్ట అంచు ఎక్కడ, పల్లం ఎక్కడ? రెండూ ఒకటే తెలుపు. ఆయన శుక్లం తీయించుకున్న కన్ను తుడుచుకుంటూ, "నీకు దారి కనపడాలని మమ్మల్ని గుడ్డోళ్ళని చేస్తే ఎట్లాగబ్బాయ్?" అన్నాడు. తిట్టినా బాగుండేది. పెద్దవయసు కళ్ళు ఒకసారి చెదిరితే మళ్ళీ చీకటికి అలవాటుపడటానికి కుర్రాళ్ళ కళ్ళకన్నా చాలాసేపు పడుతుంది. నేను బండి పక్కకి తీసి లైట్లు ఆర్పాక కూడా ఆయన అట్లానే నిలబడి ఉన్నాడు.

ఇక్కడ మీ గురించి ఒక మంచిమాట రాయాలి, ఇష్టం లేకపోయినా. ఆ పగలే మీ పాత బల్బు ఒకటి చేతిలోకి తీసుకుని మొదటిసారి సరిగ్గా చూశాను. ఈ హెచ్4 జాతి 1971లో యూరపులో పుట్టిందట. ఒకే గాజుబుడ్డిలో రెండు తీగలు. డిమ్ము తీగ కింద చిన్న రేకు దొప్ప ఉంది, మన మోదుగాకు దొప్పని వేలిగోరంత చేసినట్టు. ఆ తీగ వెలుగు కిందికి దిగకుండా దొప్ప పట్టుకుంటుంది. అద్దం పైసగానికే వెలుగు తగులుతుంది, అది రోడ్డు మీదికే వంగుతుంది. ఎదుటివాడి కళ్ళలోకి పోవలసిన వెలుగుని ఆ వేలిగోరంత దొప్ప తాగేస్తోంది. మీ అద్దం వంపంతా ఆ తీగ సరిగ్గా ఆ చోట ఉంటుందన్న నమ్మకం మీద గీసింది. సింహం బొమ్మ బల్బులో తీగ లేదు, రెండుపక్కలా అంటించిన చుక్కలున్నాయి. ఆ చోటు కాస్త అటూఇటూ అయితే చాలు, వెలుగు తెగిన గోనెలోంచి మిరపగింజల్లా నాలుగువైపులా కారుతుంది.

సాయంత్రం మా అమ్మాయి ఫోనులో వెతికి చదివి వినిపించింది. 1989 కేంద్ర మోటారు వాహనాల నిబంధనల్లో 106వది. ముందు దీపం వెలుగు ఎప్పుడూ కిందికే వంగి ఉండాలి, దీపానికి 8 మీటర్ల దూరంలో నేలనుంచి 1.5 మీటర్ల ఎత్తులో ఉన్న కంటిని చెదరగొట్టకూడదు. 1.5 మీటర్లంటే ఎవరు? మోపెడ్ మీద కూర్చున్న పాలాయన, నడిచిపోయే మా అమ్మ. పూర్వం లారీల హెడ్‌లైట్లకి పైభాగాన నల్లరంగు ఎందుకు పూసేవాళ్ళో నాకప్పుడు అర్థమైంది. చిన్నప్పుడు అది లారీకి కాటుక అనుకునేవాణ్ణి.

ఎల్‌ఈడీలు పీకి మళ్ళీ పాత 60/55 పెట్టుకుని బెజవాడ ఆటోనగర్ పోయాను. అక్కడ ఒక పెద్దాయన ఉన్నాడు, వైరింగు తప్ప ఇంకో పని ముట్టడు. మీ మీద నా ఫిర్యాదంతా విని, మీ వైపు కనీసం చూడనైనా చూడలేదు. "స్టార్టు చేసి లైట్లెయ్యి," అన్నాడు. మీటరు తీసి బ్యాటరీ మీద పెట్టాడు: 14 ఓల్టులు. తర్వాత మీ వెనక హోల్డరు ఊడదీయకుండానే సూదులు గుచ్చాడు: 11.8.

"బయల్దేరింది పద్నాలుగు. చేరింది పన్నెండు లోపు. దారిలో రెండు పైన ఎవరు తిన్నారబ్బాయ్?"

"తరుగు," అన్నాను ఠక్కున. మిర్చియార్డుకి పోయేవాడికి ఇంకేం మాట వస్తుంది? ఇంటి దగ్గర తూచిన తూకం వేరు, అక్కడ కాటా మీద చేతికొచ్చే తూకం వేరు. ఆయన నవ్వి తరుగు ఎక్కడెక్కడ పోతోందో చూపించాడు. బ్యాటరీలో బయల్దేరిన కరెంటు తాళం దగ్గరికి పోయి, ఫ్యూజు పెట్టెలో తిరిగి, స్టీరింగు కింద ఉన్న స్విచ్చిలోంచి దూరి, సన్నటి వైర్ల మీద బారలకొద్దీ నడిచి మీ దగ్గరికొస్తుంది. మీరిద్దరూ కలిసి తాగేది దాదాపు 10 ఆంపియర్లు. ప్రతి మలుపులోనూ కాస్త కాస్త సుంకం. చివర్న ఎర్తు బోల్టు విప్పితే దాని కింద గుడి గంటకి పట్టినట్టు పచ్చటి చిలుము. అక్కడొక్కచోటే అర ఓల్టు దాకా పోతోంది.

ఓల్టేజి తరుగు మామూలు తరుగు కాదని కూడా ఆయనే చెప్పాడు. బల్బుకి చేరాల్సిన ఓల్టేజిలో 10 శాతం పోతే వెలుగులో పోయేది పది కాదు, 30 శాతం దాకా. నా లెక్కన మీరు ఇవ్వాల్సిన వెలుగులో సగం కన్నా కాస్త ఎక్కువ మాత్రమే రోడ్డు మీద పడుతోంది. ఏడేళ్ళు మిమ్మల్ని గుడ్డిదీపాలని తిట్టాను. మీరు ఏడేళ్ళుగా పస్తులున్నారు.

మందు ఒక అగ్గిపెట్టెంత డబ్బా, పేరు రిలే. దాని కథ ఆయన చెప్పినట్టే రాస్తాను. యార్డులో మేస్త్రీ కేకేస్తాడు, ముఠావాళ్ళు బస్తా ఎత్తుతారు. "నీ బండిలో ఇన్నాళ్ళూ మేస్త్రీ చేతే బస్తాలు మోయించారు," అన్నాడు. ఇప్పుడు స్విచ్చి ఊరికే కేక వేస్తుంది. ఆ కేకకి పిసరంత కరెంటు చాలు. అసలు మోత బ్యాటరీ నుంచి ఫ్యూజు మీదుగా లావుపాటి వైరు మీద నేరుగా మీ దగ్గరికొస్తుంది. డిమ్ముకొకటి, ఫుల్లుకొకటి, రెండు రిలేలు. కరిగిన హోల్డరు తీసి పింగాణీది వేశాడు, ఎర్తు బోల్టు ఎమరీ పేపరుతో తోమి కొత్త వైరు బిగించాడు. మళ్ళీ సూదులు గుచ్చితే 13.4. అవే యాభై అయిదు వాట్ల బల్బులు, ఒకటిన్నర రెట్ల వెలుగు. ఖర్చు సింహం డబ్బాకి పోసినదాంట్లో మూడో వంతు.

ఆయన రెండు జాగ్రత్తలు చెప్పాడు. కడుపునిండా తినే బల్బు తొందరగా పోతుంది, ఒక జత దగ్గరుంచుకో అన్నాడు. ఉంచుకున్నాను, పత్తి పింజె పక్కనే. రెండోది, గాజుబుడ్డిని వేళ్ళతో ముట్టుకోవద్దు, వేలి జిడ్డు అంటిన చోట వేడెక్కి బుడ్డి చిట్లుతుంది. మిరపకాయలు ఎత్తిన చేతులు బల్బుకే కాదు, ఎక్కడా పెట్టకూడనివే. ఆ సంగతి ఒకసారి కన్ను నలుముకుని నేర్చుకున్నాను.

ఇక్కడితో రాజీ అయిపోవాల్సింది. ఖాళీ బండితో తాడేపల్లికి వస్తుంటే ఎంత బాగున్నారో! రోడ్డు మీద గుంట గుంటగా కనిపించింది. మర్నాడు ముప్పై టిక్కీలు ఎత్తి బయల్దేరితే మళ్ళీ చీకటి. కాదు, చీకటి కాదు. వెలుగంతా పైనుంది. తాటిచెట్ల మట్టలు, తుమ్మకొమ్మల మీద కాకిగూళ్ళు, కరెంటు తీగ మీద గబ్బిలం, అన్నీ పట్టపగల్లా ఉన్నాయి. దారే లేదు. ఎదురొచ్చిన ప్రతివాడూ నాకు డిప్పరు కొట్టి తిట్టుకుంటూ పోయాడు.

ఆదివారం యార్డు సెలవు. మా సందు చివర గోడౌను గోడకి 10 మీటర్ల దూరంలో, చదునైన చోట బండి పెట్టాను. టైర్లలో గాలి సరిచూసి, డ్రైవరు సీట్లో మా తమ్ముణ్ణి కూర్చోబెట్టి, గోడ మీద మీ మధ్యబిందువు ఎత్తుకి సుద్దముక్కతో గీత గీశాను. దాని కింద బెత్తెడు దూరంలో, 10 సెంటీమీటర్లకి, ఇంకో గీత. డిమ్ము వెలుగు పైఅంచు ఆ కింది గీత దగ్గర ఆగాలి. ఖాళీ బండికి ఆగింది. తర్వాత టిక్కీల బదులు పక్కింటి వాళ్ళు ఇల్లు కట్టడానికి తెచ్చుకున్న సిమెంటు కట్టలు అడిగి ఎక్కించాం. అడిగినందుకు వాళ్ళు ఏమనుకున్నారో నాకిప్పటికీ తెలీదు. బండి వెనక నాలుగు వేళ్ళు కుంగింది. గోడ మీద వెలుగు అంచు జానెడు పైకెక్కి, పై గీత కూడా దాటి కూర్చుంది. పది మీటర్ల దగ్గర జానెడంటే యాభై మీటర్ల దగ్గర నాలుగడుగులు. అంటే సరిగ్గా ఎదుటివాడి కళ్ళలోకి. పత్తిచేల మధ్య చీకటిలో నేను బండి నడుపుతున్నది నా వెనకున్న బరువు వల్ల అని ఏడేళ్ళు తట్టనేలేదు.

సుద్దముక్క పట్టుకుని నేనట్లా నిలబడి ఉంటే క్యాబిన్లోంచి మా అమ్మాయి పిలిచింది. "నాన్నా, స్టీరింగు కింద ఈ చక్రం ఏంటి? సున్నా, ఒకటి, రెండు, మూడు అని ఉంది."

ఏడేళ్ళుగా అది డాష్‌బోర్డు లైటుకి సంబంధించిందనుకున్నాను. ఎప్పుడో ఒకసారి తిప్పితే ఏమీ జరగలేదు, వదిలేశాను. పగటిపూట తిప్పితే ఏం జరుగుతుంది? "తిప్పు," అన్నాను. తిప్పింది. గోడ మీద కుడివైపు వెలుగు మెల్లగా, సర్కారు ఆఫీసులో ఫైలు కదిలినట్టు, కిందికి దిగింది. రెండు మీద పెట్టేసరికి నా సుద్దగీత దగ్గర ఆగింది. లోడుని బట్టి మిమ్మల్ని వంచడానికి కంపెనీవాడు మోటార్లు పెట్టి ఇచ్చాడన్నమాట. ఎడమవైపు వెలుగు మాత్రం ఉన్నచోటే ఉంది. మూడు మీద పెట్టినా కదల్లేదు. ఆ మోటారు ఎప్పుడు చచ్చిపోయిందో, పుట్టిందో లేదో కూడా తెలీదు.

అందుకని ఉత్తరం చివర్న మిమ్మల్ని విడదీసి మాట్లాడుతున్నాను. కుడివాడా, నీ మీద నాకిక కోపం లేదు. ఎడమవాడా, నీ మోటారు కోసం ఆటోనగర్లో చెప్పిపెట్టాను, ఎప్పుడొస్తుందో వాళ్ళకే తెలియాలి. అందాకా నీ వెనక మరకి స్క్రూడ్రైవరుతో లోడు ఎత్తినప్పుడు రెండు తిప్పులు కిందికి, దించాక రెండు తిప్పులు పైకి. మొన్న యార్డులో దించాక తిప్పడం మర్చిపోయాను. కాజ టోల్‌గేటు నుంచి ఇంటిదాకా నీ బంపరు కిందే చూసుకుంటూ, తలొంచుకుని వచ్చావు. ఏదో తప్పు చేసినవాడిలా.

తెల్లవారుజాము నాలుగింటికి మళ్ళీ కిరాయి ఉంది, ముప్పై టిక్కీలు. స్క్రూడ్రైవరు జేబులో పెట్టుకున్నాను. కరకట్ట మీదే పోవాలి, పాలాయన కూడా ఆ వేళకే వస్తాడు.

ఇట్లు,
మీ వెనకాల స్టీరింగు పట్టుకున్నవాడు